కొత్త భవన్‌ల ప్లాన్లు గీసే ముందు ఒకసారి కటవారియా సరాయ్ చూడండి

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు గారికి,
తెలంగాణ ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి గారికి,

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. విడివిడిగా రాసినా రెండూ ఒకేలా ఉండేవి. ఢిల్లీలో మీ స్థలాలు పక్కపక్కనే ఉన్నాయి. నా విన్నపం ఆ స్థలాల గురించే.

అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ పంపకం పదేళ్లు నలిగి నలిగి, 2024 మార్చిలో కేంద్ర హోంశాఖ ఉత్తర్వుతో తేలింది. ఉన్న 19.78 ఎకరాలనూ జనాభా లెక్కన 58.32, 41.68 శాతాలుగా విడదీస్తే ఆంధ్రప్రదేశ్‌కు 11.536, తెలంగాణకు 8.245 ఎకరాలు వచ్చాయి. గోదావరి, స్వర్ణముఖి బ్లాకుల పక్క జాగా, నర్సింగ్ హాస్టల్ స్థలం, పటౌడీ హౌస్‌లో ఒక ముక్క ఆంధ్రాకి. శబరి బ్లాకు పక్క మూడెకరాలు, పటౌడీ హౌస్‌లో పెద్ద భాగం తెలంగాణకి. ఎవరి భవనం వారు కొత్తగా కట్టుకుంటామని రెండు ప్రభుత్వాలూ అంటున్నాయి. ఇండియా గేట్‌కు కూతవేటు దూరంలో సొంత జాగా ఉండి, అందులో ఇల్లు కట్టుకునే స్తోమత ఉన్న తెలుగువాళ్లు ఈ నగరంలో మీరిద్దరే. మా అందరికీ సంతోషమే.

ఇల్లు కట్టడం ఎక్కడైనా పండగే. పరాయి ఊళ్లో అయితే ఇంకా పెద్ద పండగ. ఆ సంబరంలో రేపు ఇందులో ఉండేదెవరన్న ప్రశ్న వెనకబడిపోతుంది. ఢిల్లీలో మనవాళ్లు కట్టిన మొదటి పెద్ద ఇంటికి జరిగింది ఇదే. సంస్థానాధీశుల మండలి 1921లో మొదలయ్యాక రాజులకు ఈ కొత్త రాజధానిలో బసలు కావలసి వచ్చాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏకంగా కొత్త ఢిల్లీని గీసిన ఆర్కిటెక్ట్ ఎడ్విన్ లుటియెన్స్‌నే పెట్టుకున్నాడు. వైస్రాయ్ ఇంటికి తీసిపోకుండా ఉండాలన్నది ఆయన ముచ్చట. అది కుదరదని ప్రభుత్వం చెప్పింది. చివరికి మధ్యలో గుమ్మటంతో, రెండు పక్కలా విప్పిన రెక్కలతో 36 గదుల హైదరాబాద్ హౌస్ 1928 నాటికి లేచింది. నిజాం కొడుకులకు ఆ ఇల్లు నచ్చలేదనీ, మరీ దొరల కొంపలా ఉందన్నారనీ, అక్కడ బస చేసింది తక్కువేననీ చెబుతారు. ఇప్పుడది విదేశాంగశాఖ చేతిలో ఉంది. మన ప్రధాని పరదేశపు నాయకులతో చేతులు కలుపుతూ ఫొటో దిగేది అక్కడే. కట్టింది నిజాం గనుక దానికి బదులుగా వచ్చిన భవన్ జాగా అంతా మాదేనని తెలంగాణ కొంతకాలం వాదించింది కూడా. హక్కు కోసం ఇంత పట్టు పట్టిన ఇంట్లో హాయిగా కాపురం చేసినవాళ్లు మాత్రం నాకు కనపడరు.

ఇక మా ఇళ్ల సంగతి. నేనుండే కటవారియా సరాయ్ మీ స్థలాలకు బాగా దక్షిణాన, కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాను ఆనుకుని ఉంది. ఒక పక్క ఐఐటీ, ఒక పక్క లాల్ బహదూర్ శాస్త్రి సంస్కృత విశ్వవిద్యాలయం, ఇంకో పక్క సంజయ్ వన్ చెట్లు, కొంచెం అవతల జేఎన్‌యూ. ఇంజనీరింగ్ సర్వీసులకూ గేట్‌కూ చదివేవాళ్లు, హాస్టల్ సీటు దొరకని పరిశోధక విద్యార్థులు, చుట్టుపక్కల ఆఫీసుల్లో కాంట్రాక్టు ఉద్యోగులు ఇక్కడ అద్దెకుంటారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎప్పుడూ తగుమాత్రం ఉంటారు. సాయంత్రం టీ బండి దగ్గర నిలబడితే శ్రీకాకుళం యాసా వినపడుతుంది, ఆదిలాబాద్ యాసా వినపడుతుంది. ఇంటి యజమానుల్లో పెద్దవాళ్లకు మాత్రం మేమంతా ఇంకా మద్రాసీలమే. మాకు ఇద్దరు ముఖ్యమంత్రులున్న వార్త వాళ్లకు చేరినట్టు లేదు.

ఈ ఊరు లాల్ డోరా గ్రామం. 1908లో రెవెన్యూ రికార్డుల్లో ఊరి నివాస స్థలాన్ని పొలాల నుంచి వేరు చేస్తూ ఎర్ర గీత గీశారు. ఆ గీత లోపలి ఇళ్లకు 1963లో భవన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు. గీత బయటి పొలాలు ప్రభుత్వ సేకరణలో పోయి, కాలేజీలూ సంస్థలూ కాలనీలూ అయ్యాయి. లోపల మిగిలింది ఇళ్ల స్థలమే. కాబట్టి యజమాని దృష్టిలో ఈ యాభై గజాల ఇల్లు అతని పొలం, అద్దె దాని పంట. పొలాలు పోయిన కోపమూ, అద్దె మీద ఆశా నాకు అర్థమవుతాయి. పొలం పోయిన మనిషి ఉన్న జాగాలోనే పైకి సాగు చేశాడు.

ఆ కట్టడం ఎలా ఉంటుందో మీ ఇంజనీర్లు చూడాలి. ఇక్కడ కొలత గజాల్లోనే. యాభై గజాలకు కింద రెండు దుకాణాలు, ఓ పక్కగా మనిషి పట్టేంత మెట్లు, పైన నాలుగంతస్తులు, అంతస్తుకు మూడు గదులు. కాలమ్‌లు మేస్త్రీ చేతి అంచనాతో లేస్తాయి. లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలు. పక్క గదిలో అలారం మోగితే లేచేది మనం. మొదటి అంతస్తు నుంచి ఛజ్జా వీధిలోకి రెండడుగులు ముందుకు వస్తుంది, ఎదురింటి ఛజ్జా కూడా అంతే వస్తుంది, మధ్యలో కరెంటు తీగలూ ఇంటర్నెట్ తీగలూ పెనవేసుకుని మిగిలిన ఆకాశాన్ని మూసేస్తాయి. నడిమి గదికి కిటికీ ఉంటుంది గానీ అది మెట్ల వైపు తెరుచుకుంటుంది. అసలు కిటికీ ఉన్న గదికి అద్దె వేరే. ఇక్కడ వెలుతురును రూపాయల్లో లెక్కగడతారు. ఇలాంటి కట్టడాలను కూల్చివేతల నుంచి కాపాడే ఢిల్లీ ప్రత్యేక నిబంధనల చట్టాన్ని పార్లమెంటు మళ్లీ మళ్లీ పొడిగిస్తూ వచ్చింది. 2023లో చేసిన పొడిగింపు 2026 డిసెంబర్ 31 దాకా. ఇల్లు నిలబడటానికి చట్టం ఉంది, గట్టిగా నిలబడుతుందో లేదో చూసే మనిషి లేడు.

2025 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున ఆ సంగతి అందరికీ గుర్తొచ్చింది. ఐదున్నర దాటాక భూమి కదిలింది. తీవ్రత 4.0 మాత్రమే గానీ కేంద్రం ఇక్కడికి దగ్గర్లోని ధౌలా కువాఁ కావడంతో పెద్ద ఉరుము లాంటి చప్పుడు వచ్చింది. దుప్పట్లు కప్పుకునే సందులోకి దిగినవాళ్లంతా ఒక నిమిషం తర్వాత పైకి చూశారు. పడితే పడేది ఈ సందులోకే. ఇళ్లల్లో ఉంటే ప్రమాదం, బయట ఉంటే అంతకన్నా ప్రమాదం. ఢిల్లీ నాలుగో భూకంప మండలంలో ఉందని పోటీ పరీక్షల పుస్తకంలో చదివినవాళ్లే వాళ్లంతా.

ఇల్లు కట్టించినవాడు అందులో ఉండడు. ఉండేవాడికి మేకు కొట్టే హక్కు కూడా లేదు. అయినా గదిని ఇల్లు చేసుకునే పనంతా అద్దెకున్న మనిషిదే. గది తాళం చేతికి వచ్చేసరికి లోపల ఉండేవి ఒక బల్బు, ఒక ఫ్యాను, మూడు పిన్నుల ప్లగ్గు ఒకటి. మిగిలిన సరంజామా ఊరు వదిలి వెళ్లే సీనియర్ల దగ్గర కొనుక్కోవాలి. జూన్‌లో తెలుగు వాట్సాప్ గ్రూపుల నిండా ఇవే: మడత మంచం, ప్లైవుడ్ టేబుల్, రెండు పరుపులు, ఒక కూలర్, ఇనుప స్టాండ్ ఉచితం. ఆ కూలర్ గురించి రెండు మాటలు చెప్పాలి. మే నెల వడగాలిలో అదే ప్రాణం. దానికి వెనక బయటి గాలి తగలాలి. మెట్ల వైపు కిటికీ ఉన్న గదిలో పెడితే తిరిగిన గాలే తిరిగి, గోడలు చెమ్మగిల్లి, పుస్తకాల అట్టలు ఉబ్బుతాయి. జూలైలో తేమ మొదలయ్యాక ఎంత మంచి కూలరైనా దండగ. డిసెంబర్‌లో అదే కూలర్ బియ్యం డబ్బా కింద ఎత్తుపీట. అప్పుడు రజాయి కొనాలి, హీటరు పెట్టాలి. హీటరు పెడితే మీటరు తిరుగుతుంది.

వంట సంగతి వేరే కథ. సిలిండర్ కనెక్షన్‌కు చిరునామా రుజువు కావాలి, యజమాని ఇవ్వడు. అందుకని గుర్తింపు కార్డు చూపితే చాలనే 5 కిలోల చిన్న సిలిండర్ మాకు దిక్కు. మిక్సీకి పవర్ ప్లగ్గు ఉండదు. ఇడ్లీ పిండి రుబ్బాలంటే ఇస్త్రీ వైరు పీకాలి. సోనా మసూరి, కరివేపాకు కావాలంటే మునిర్కా దాకానో ఐఎన్‌ఏ మార్కెట్ దాకానో వెళ్లాలి. పచ్చళ్లు రైల్లో వస్తాయి. ఒకప్పుడు అందరికీ ఒకే ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉండేది. 2015లో హైదరాబాద్ రైలు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది, ఏపీ ఎక్స్‌ప్రెస్ పేరు విశాఖ రైలుకు వెళ్లింది. ఆవకాయ రెండింటిలోనూ వస్తోంది గనుక మాకు ఫిర్యాదు లేదు.

ఖమ్మం వైపు నుంచి ఒక తండ్రి కూతురికి గది చూడటానికి వచ్చాడు. తెలిసినవాళ్లు నా ఫోన్ నంబరు ఇచ్చారు. ఆయనకు హిందీ అంతంతమాత్రం, బ్రోకర్‌కు ఓపిక అంతకన్నా తక్కువ. ప్రతి గదిలోనూ ఆయన మూడే పనులు చేశాడు. తలుపు లోపలి గడియ వేసి తీశాడు. కుళాయి తిప్పాడు. గోడను అరచేత్తో తట్టాడు. ఆయన తాపీ మేస్త్రీ అని ఆ తర్వాత తెలిసింది. ఐదో గదిలో గోడ తట్టి నా వైపు తిరిగి, "అమ్మా, దీనికి పైన ఇంకో అంతస్తు ఎట్ల వేసిన్రు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. బ్రోకర్ నవ్వి, ఏమంటున్నాడని అడిగాడు. అనువాదం చేయలేదు. చివరికి గది కుదిరింది. బ్రోకర్‌కు ఒక నెల, సెక్యూరిటీ ఒక నెల, ముందస్తు అద్దె ఒక నెల. ఆ మూడూ లెక్కపెట్టి ఇచ్చేశాక, భవన్‌లో రెండు రాత్రులు గది దొరుకుతుందా అని ఆయన అడిగాడు. సిఫారసు లేఖ కావాలన్నాను. ఆయన రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జికి వెళ్లిపోయాడు.

అద్దె ఒప్పందం పదకొండు నెలలకే రాస్తారు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి, అది ఎవరికీ ఇష్టముండదు. 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం ఉంది గానీ నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెకు అది వర్తించదని 1988లో చేర్చారు. ఇవాళ ఆ డబ్బుకు ఇక్కడ మెట్ల కింద జాగా కూడా రాదు. కరెంటు ఇంకో వింత. ఢిల్లీలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి 2019 ఆగస్టు నుంచి బిల్లు సున్నా. మా గదికి ఉన్నది యజమాని పెట్టిన సబ్ మీటరు. దాని ధర యూనిట్‌కు ఎనిమిదో పదో, ఆయన నోటి మాటే టారిఫ్. అద్దెకుండేవాళ్లు విడిగా ప్రీపెయిడ్ మీటరు పెట్టించుకునే పథకం అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చింది. ఆ మాట ఎత్తినవాడికి పదకొండు నెలల తర్వాత ఒప్పందం పొడిగించరని ఇక్కడ అందరికీ తెలుసు. భయమో లెక్కో గానీ ఎవరూ ఎత్తరు.

రేవంత్ రెడ్డి గారూ, సివిల్స్ ప్రిలిమ్స్ గట్టెక్కిన తెలంగాణ అభ్యర్థులకు సింగరేణి ద్వారా లక్ష రూపాయలిచ్చే పథకం 2024లో మీరే మొదలుపెట్టారు. మంచి పని. ఆ లక్షలో పెద్ద భాగం ఢిల్లీకి చేరీ చేరగానే ఎవరి చేతికి పోతుందో పైన రాశాను. పథకం మొదలైన ఆ జూలైలోనే, 27వ తేదీ రాత్రి, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వరద నీరు దూసుకొచ్చి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. బేస్‌మెంట్‌లో నడుస్తున్నది లైబ్రరీ. గదిలో వెలుతురూ చోటూ చాలనివాళ్లు నెలకింత కట్టి చదువుకోవడానికి వెళ్లే చోటు అది. ఇల్లు ఇల్లుగా లేనప్పుడు మనిషి ఇంకో బొరియ వెతుక్కుంటాడు.

ఇప్పుడు అసలు అడగదలచుకున్నది. మీ కొత్త భవన్‌లలో ముఖ్యమంత్రి సూట్, మంత్రుల సూట్లు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, అధికారుల గదులు ఎలాగూ ఉంటాయి. ఉండాలి కూడా, రాష్ట్రం పనిమీద వచ్చేవాళ్లు వీధిన పడలేరు కదా. వాటితో పాటు ఒక బ్లాకు ఢిల్లీకి కొత్తగా వచ్చే పిల్లల కోసం కట్టండి. ఊరికే కాదు, అద్దె తీసుకోండి. ఏళ్ల తరబడి కాదు, గది కుదిరేదాకా, అంటే నెలో నెలన్నరో. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లకూ, ఎయిమ్స్‌లో ఎవరినో చేర్చి దిక్కు తోచక తిరుగుతున్నవాళ్లకూ అక్కడే కొన్ని పడకలు. సిఫారసు లేఖ అడగొద్దు, అడ్మిషన్ కాగితమో హాల్ టికెట్టో ఆసుపత్రి చీటీయో చూపితే చాలాలి. చంద్రబాబు గారూ, మీ వాటాలో 3.359 ఎకరాల నర్సింగ్ హాస్టల్ స్థలం ఉంది. హాస్టల్ జాగాలో హాస్టల్ కడితే ఆర్కిటెక్ట్‌లు కూడా కాదనరు. ఒకరి బ్లాకులోకి ఇంకొకరి పిల్లలను రానివ్వడం మీ ఇద్దరి పెద్దరికానికి వదిలేస్తున్నాను. కటవారియాలో వంటింట్లో పప్పు గిన్నె చుట్టూ కూర్చునేటప్పుడు మేము జిల్లా అడగము.

ఇది కొత్త ఆలోచన కాదు. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. ఊరు మారిన గుమాస్తాల పిల్లలకు తెలుగు బడి కావాలన్నది ఆవిడ పట్టు. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం ఢిల్లీలో శ్రీ వేంకటేశ్వర కళాశాల పెట్టింది. కొండ మీద హుండీలో పడిన డబ్బు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కాలేజీ అయిందంటే దాని వెనక కూడా ఆవిడ చెయ్యి ఉంది. ఆ కాలేజీ పక్కనున్న మెట్రో స్టేషన్‌కు ఇవాళ ఆవిడ పేరే. అప్పుడు మన చేతిలో ఇన్ని ఎకరాలు లేవు, ఇంత బడ్జెట్టూ లేదు. ఉన్నదాంతో ముందు బడి కట్టారు. మన తరం ఢిల్లీలో కట్టబోతున్న మొదటి కట్టడం అతిథిగృహం మాత్రమే అయితే, వాళ్లతో పోల్చి చూసేవాళ్లు చూస్తారు.

బ్లాకు కట్టడానికి ఏళ్లు పడుతుంది. అందాకా ఇప్పుడున్న భవన్‌లలోనే ఒక బల్ల, ఒక మనిషి చాలు. హిందీ, తెలుగు రెండూ బాగా వచ్చినవాళ్లు. అద్దె ఒప్పందం చదివి చెప్పాలి, పోలీసు వెరిఫికేషన్ ఫారం నింపించాలి, ప్రీపెయిడ్ మీటరు కోసం యజమానితో ఫోన్లో మర్యాదగా మాట్లాడాలి. "ఆంధ్రా భవన్ సే బోల్ రహే హైఁ" అన్న ఒక్క ముక్కకు ఈ సందుల్లో ఎంత విలువ ఉందో మీకు తెలియకపోవచ్చు. మీ క్యాంటీన్ భోజనం తిన్న యజమానులు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆదివారం బిర్యానీ కోసం వరుసలో నిలబడ్డవాళ్లూ ఉన్నారు. పలుకుబడిలో సగం వంటవాళ్లే సంపాదించి పెట్టారు.

ఇక గదుల గురించి ఆర్కిటెక్ట్‌లకు చెప్పవలసినవి చిన్నవే, కానీ టెండరులో రాయకపోతే ఎవరూ చేయరు. ప్రతి గదికీ బయటికి తెరుచుకునే కిటికీ. టేబుల్ దగ్గర ఒకటి, వంట గట్టు దగ్గర ఒకటి పవర్ ప్లగ్గులు. తలుపు బయట చెప్పుల అర. పుస్తకాలు బరువెక్కినా ఊడిరాని గోడ అల్మారా. డాబా మీద బట్టల తీగలు, చలికాలం ఎండకు కూర్చోవడానికి గట్టు. ఆడపిల్లల అంతస్తులో తలుపులకు లోపల గట్టి గడియ. ఆ ఖమ్మం మేస్త్రీ తనిఖీ చేస్తే తప్పు పట్టలేనంత గట్టిగా గోడలు. పాలరాయి తగ్గినా పరవాలేదు.

ప్లాన్లు ఖరారు చేయడానికి ముందు మీ ఆర్కిటెక్ట్‌లను ఒకసారి ఇటు పంపించండి. ఐఐటీ మెట్రో స్టేషన్‌లో దిగితే ఆటోలో చాలా దగ్గర. పొద్దున్నే రావొద్దు, నీళ్ల మోటార్లు వేసే వేళ మెట్ల మీద బకెట్లే ఉంటాయి. ఆదివారం పదకొండు తర్వాతైతే అందరూ గదుల్లో ఉంటారు, తలుపు తట్టి చూడొచ్చు. కారు సందులోకి రాదు, రోడ్డు మీదే ఆపమనండి.

ఇట్లు,
కటవారియా సరాయ్‌లో అద్దెకుంటున్న ఒక తెలుగు మహిళ